హుస్సేన్‌సాగర్ల బోటు మీద బర్త్‌డే పార్టీ: బోటోళ్ళకి 5 స్టార్లు, ప్యాకేజీ అమ్మినోళ్ళకి 1

ముందే చెప్తున్న, ఇది పొడుగు రివ్యూ. ఓపిక లేనోళ్ళు ఈ ఒక్క ముక్క చదివి పోండి: ఇంట్ల షుగర్ ట్యాబ్లెట్లు వేసుకునే పెద్దోళ్ళు ఉంటే బోటు ఎక్కేముందు హ్యాండ్‌బ్యాగుల ఒక గ్లూకోజ్ పొడి ప్యాకెట్ వేసుకోండి. చక్కెర కాదు, చాక్లెట్ కాదు, గ్లూకోజ్. ఎందుకో కింద వస్తది.

మా నాన్నకి మొన్న డిసెంబర్ల 70 నిండినయి. ఆర్టీసీల కండక్టర్‌గా చేసి రిటైర్ అయిండు, ఫంక్షన్ హాల్ అంటే పడదు, హోటల్ల పార్టీ అంటే "అంత పైసలు పోసి ఏసీల వణుకుడెందుకు" అంటడు. ట్యాంక్‌బండ్ అంటే మాత్రం ప్రాణం. అందుకని నేను, మా తమ్ముడు కలిసి బోటు మీద చేద్దామనుకున్నం. ఆన్‌లైన్ల ఒక ఈవెంట్ వాళ్ళు దొరికిన్రు. పేరు రాయట్లే, వాళ్ళతోటి పైసల లెక్క ఇంకా తెగలే. 35 మందికి రెండు గంటల బోటు, బెలూన్ల డెకరేషన్, కేక్ టేబుల్, డీజే, బఫే, అన్నీ కలిపి 42 వేలు. బోటు వాళ్ళది కాదు, వీళ్ళు మధ్యల ఉండి మాట్లాడి పెడతరంతే. ఈ తేడా మాకు అప్పుడు తెల్వలే, తర్వాత బాగా తెలిసింది.

బోటు సంగతి నిజాయితీగ చెప్పాలంటే బాగుంది. కింద కూర్చునే హాలు, పైన ఓపెన్ డెక్కు. సీట్లు శుభ్రంగ ఉన్నయి, బాత్‌రూమ్ కూడా పర్వాలేదు. చాలామంది అడుగుతరు కాబట్టి రాస్తున్న, వాసన ఉంది కానీ చలికాలం కాబట్టి తక్కువ, పది నిమిషాలైతే ముక్కుకి అలవాటైతది. రాత్రి నీళ్ళ మధ్యకి పోయి చుట్టూ చూస్తే మాత్రం మన ఊరేనా ఇది అనిపిస్తది. ఒక దిక్కు కొత్త సెక్రటేరియట్ గుమ్మటాలు, పక్కనే 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం, దీపం ఆకారంల మెరిసే అమరవీరుల స్మారకం, దూరంగ గుట్ట మీద తెల్లగ బిర్లా మందిర్. ఈ మూడు కొత్తవీ 2023లనే తెరిచిన్రు, నాన్న బస్సు మీద డ్యూటీ చేసిన రోజులల్ల ఇవేవీ లేవు. ఆయన రెయిలింగ్ పట్టుకుని నిలబడి "అగో అది ఏంది, ఇగో ఇది ఏంది" అని మనవళ్ళకి చూపిస్తుంటే మా అమ్మ ముఖంల నవ్వు చూడాలె.

ఎక్కేటప్పుడు అందరికీ లైఫ్ జాకెట్ వేసిన్రు, పిల్లలకి చిన్న సైజువి. మా పెద్దత్త పట్టుచీర నలుగుతదని తీసేస్తే బోటు హెల్పర్ పిల్లగాడు, ఇరవై ఏండ్లు ఉంటయేమో, ఊకోలే, మళ్ళ వేయించిండు. అప్పుడు మేం నవ్వినం.

ఇగ గొడవ ఎక్కడ మొదలైందంటే అన్నం దగ్గర. ఈవెంట్ వాళ్ళు చెప్పింది 6:30కి బోటు కదుల్తది, కదలంగనే బఫే పెడతం అని. నాన్న టైమ్ అంటే టైమే, 6 దాటంగనే జెట్టీ దగ్గర్నే షుగర్ ట్యాబ్లెట్ వేసుకున్నడు. పొద్దుగాల్నించి హడావుడి, పైంగ మధ్యాహ్నం "రాత్రి బిర్యానీ ఉంది కద" అని రెండు ముద్దలు పెరుగన్నం తిని లేచిండు. క్యాటరింగ్ బండి ట్రాఫిక్ల ఇరుక్కుంది. బోటు కదిలే సరికి 7:20. అప్పుడన్నా అన్నం పెట్టాలె కద, లేదు, ముందు కేక్ కటింగ్, దానికి ముందు డ్రోన్ వీడియో, దానికి ముందు డీజేగాడి పరిచయం. నేను ఒకసారి అడిగిన, "మేడం ఫ్లో ఉంటది మేడం" అన్నడు కో-ఆర్డినేటర్. ఫ్లో అంట.

మా నాన్నకి బుద్ధుడి విగ్రహం కథ చెప్పుడంటే పిచ్చి. భువనగిరి దగ్గర రాయగిరి గుట్టల ఒక్క రాయి, గణపతి స్థపతి చెక్కుడు, 58 అడుగులు, 1990 మార్చి 10న విగ్రహాన్ని తీసుకపోయే పంటు ఒరిగి విగ్రహం నీళ్ళల్ల మునిగింది, మనుషులు పోయిన్రు, మళ్ళ 1992 డిసెంబర్ 1న పైకి తీసి జిబ్రాల్టర్ రాక్ మీద నిలబెట్టిన్రు. ఈ కథ నేను చిన్నప్పట్నించి కనీసం నూరుసార్లు విన్న, ఒక్క తారీఖు అటు ఇటు కాదు. ఆ రాత్రి బోటు విగ్రహం దగ్గరికి పోతుంటే మా కొడుకుకి మొదలుపెట్టిండు. "ఈ బుద్ధుడు నాగార్జునసాగర్ల మునిగె, మన డిపో బస్సుల తెచ్చినం" అన్నడు. మావాడు నవ్విండు, తాత జోక్ చేస్తుండనుకున్నడు. నేను కూడా నవ్విన. ఇప్పటికీ ఆ నవ్వు గుర్తొస్తే కడుపుల తిప్పినట్టయితది.

రెండు నిమిషాలకి ప్లేట్లు సర్దే పిల్లగాడి మీద అరిసిండు. మా నాన్న జీవితంల బస్సుల టికెట్ తీయనోని మీద కూడా అరవలే. చెయ్యి పట్టుకుంటే చల్లగ, అంగీ అంతా తడి. డిసెంబర్ చలిల, నీళ్ళ మీది గాలికి మేమంతా స్వెటర్లల్ల ఉంటే ఆయనకి చెమటలు. చేతులు వణుకుతున్నయి. కుర్చీల కూర్చోబెట్టంగనే తల ఒక పక్కకి వాలిపోయింది. డీజే సౌండుకి నేను అరిసింది మా తమ్మునికి వినబడలే, వాడు పక్కనే ఉన్నడు. మ్యూజిక్ ఆపమని చెప్పినోడు బోటు డ్రైవర్. సరంగు అనాలేమో, యాభై దాటిన మనిషి, క్యాబిన్లకెళ్ళి చూసి ఎవరూ అడగకముందే బోటు తిప్పేసి డీజే ప్లగ్గు పీకించిండు.

అప్పుడు మా చుట్టాల డాక్టర్లు మొదలైన్రు. ఒకరు గుండెపోటు అన్నరు, ఒకరు బోటు ఊగుతే తల తిరుగుతది అన్నరు, ఒకామె ముఖం మీద నీళ్ళు కొట్టింది. మా చిన్నాయనకి స్టెంట్ పడ్డది, జేబుల ఎప్పుడూ సార్బిట్రేట్, అదే గుండెనొప్పి గోలీ, ఉంటది, అది తీసి నాన్న నాలుక కింద పెట్టబోయిండు. మా వదిన, అంటే పిన్ని కోడలు, స్టాఫ్ నర్సు, కింది హాల్లకెళ్ళి ఉరికొచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. "మామయ్యా ఆగండి, అది వేస్తే బీపీ పడిపోతది, ఛాతీల నొప్పి అన్నడా ఈయన? లేదు కద" అన్నది. తర్వాత మా అమ్మని అడిగింది ఒక్కటే, షుగర్ గోలీ ఎప్పుడు వేసుకున్నడు, అన్నం ఎప్పుడు తిన్నడు. అమ్మ చెప్పంగనే "ఇది లో షుగర్" అన్నది.

గ్లూకోమీటర్ ఇంట్ల ఉంది. నీళ్ళ నడిమిట్ల ఏం లాభం.

ఎట్లాగు కూల్‌డ్రింక్‌లున్నయి కాబట్టి వెంటనే థమ్సప్ పట్టుకొచ్చినం. మొదట డైట్ కోక్ తెచ్చిండు మా తమ్ముడు, షుగర్ పేషెంట్ కద అని! దాంట్ల చక్కెరే ఉండదు. వదిన ముందు ఒక చెంచా నీళ్ళు పోసి గుటక వేస్తుండా లేడా చూసింది, వేసిండు, అప్పుడే థమ్సప్ కొద్దికొద్దిగ తాగించింది. మనిషి సోయిల లేకుంటే నోట్లె ఏం పోయొద్దంట, ఊపిరితిత్తులల్లకి పోతదంట. అర గ్లాసు పైనే లోపలికి పోయింది, ఐదారు నిమిషాలైంది, నాన్నల మార్పు లేదు. నా చేతులు కూడా వణుకుతున్నయి.

ఇంతల వదిన అమ్మ బ్యాగుల ఉన్న గోలీల పట్టీ తీసి ఫోన్ లైటుల చదివింది. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోస్, మూడు కలిపిన ట్యాబ్లెట్. "దీంట్ల వోగ్లిబోస్ ఉంది, థమ్సప్ జల్దీ పనిచెయ్యదు, గ్లూకోజ్ పొడి ఉందా ఎవరి దగ్గరన్నా" అని అరిసింది. తర్వాత నెమ్మదిగ నాకు చెప్పింది. మామూలు చక్కెర పేగులల్ల విరిగి గ్లూకోజ్ అయితేనే రక్తంల కలుస్తది, వోగ్లిబోస్ పనే ఆ విరిగేదాన్ని ఆలస్యం చేసుడు, అన్నం తినంగనే షుగర్ పెరగకుండ. అట్లాంటి మనిషికి షుగర్ పడిపోతే చక్కెర నీళ్ళు, కూల్‌డ్రింక్ లేటుగ ఎక్కుతయి, గ్లూకోజ్ అయితే విరగాల్సిన పని లేదు కాబట్టి నేరుగ పోతది. చాక్లెట్ ఇంకా లేటు, కొవ్వు ఉంటది కద. నాన్న ఆ గోలీ ఐదేండ్లుగ వాడుతుండు, ఈ మాట మాకు ఎవ్వరూ చెప్పలే, మేమూ అడగలే.

ఫస్ట్ ఎయిడ్ బాక్స్ అడిగినం. ఈవెంట్ కో-ఆర్డినేటర్ "ఉంది మేడం, ప్యాకేజీల ఉంది" అన్నడు. నిజంగనే ఉంది, తాళం వేసి ఉంది, తాళంచెవి ఒడ్డు మీద ఉన్న వాళ్ళ మేనేజర్ దగ్గర ఉంది! హెల్పర్ పిల్లగాడు స్క్రూడ్రైవర్ పెట్టి లేపిండు. లోపల దూది, ఎండిపోయిన అయోడిన్ సీసా, నాలుగు ప్లాస్టర్లు. అప్పుడా పిల్లగాడే "అక్కా ఒక్క నిమిషం" అని ఇంజిన్ పక్కన పనిముట్ల డబ్బాలకెళ్ళి ఒక గ్లూకోజ్ ప్యాకెట్ తెచ్చిండు. ఎండాకాలంల డెక్కు మీద కళ్ళు తిరుగుతయని కొనుక్కున్నడంట, సగం మిగిలింది, గడ్డలు కట్టి ఉంది. వదిన ప్యాకెట్ మీద తేదీ చూసి, గడ్డలు చిదిపి, మూడు చెంచాలు నీళ్ళల్ల కలిపి తాగించింది.

ఒక్కటి చెప్పాలె. నాన్నకి గాలి ఆడాలని మేం లైఫ్ జాకెట్ విప్పబోతే ఆ పిల్లగాడు మొత్తం తియ్యనియ్యలే, ముందరి బెల్టులు వదులు చేసి భుజాలకి మాత్రం ఉంచిండు. ఇద్దరు మనుషుల్ని కుర్చీకి అటొకరు ఇటొకరు కూర్చోబెట్టిండు. మిగతా అందరినీ రెయిలింగ్ ఒకే దిక్కు గుమికూడకుండ కింద హాల్లకి పంపించిండు. ఎవరు నేర్పిన్రో ఏమో, మాట పెద్దగ చెయ్యకుండ పని చేసుకపోయిండు.

సరంగు 11 నిమిషాలల్ల జెట్టీకి తెచ్చిండు, మా తమ్ముడు ఫోన్ల చూస్తనే ఉన్నడు. దార్లనే నేను 108కి చేసిన. హైదరాబాద్ల ఈ సర్వీసు 2005 ఆగస్టు 15న మొదలైంది, ఇన్నేండ్లల్ల నాకు ఎన్నడూ చెయ్యాల్సిన అవసరం రాలే. వాళ్ళు అడిగింది సూటిగ ఒక్కటే ప్రశ్న: ఏ గేటుకి రావాలె? నాకు తెల్వదు. జీపీఎస్ల నేను నీళ్ళ మధ్యల ఉన్న. కో-ఆర్డినేటర్‌ని అడిగితే ఒక గేటు పేరు చెప్పిండు, అదే చెప్పిన.

అది క్యాటరింగ్ సామాను దిగే గేటు. సామాను దిగినంక వాళ్ళే తాళం వేసుకున్నరు. అంబులెన్సు పాపం చెప్పిన చోటికి టైమ్‌కే వచ్చి నిలబడ్డది, మేమొక దిక్కు, అదొక దిక్కు, మధ్యల తాళం. మళ్ళ చుట్టూ తిరిగి మెయిన్ గేటుకి రావాలంటే ఆదివారం సాయంత్రం ఎన్టీఆర్ మార్గ్ మీద ట్రాఫిక్ ఎట్లుంటదో మీకు నేను చెప్పాల్నా? కార్లు, మిర్చిబజ్జీ బండ్లు, సెల్ఫీలు. మేం నాన్నని ప్లాస్టిక్ కుర్చీల కూర్చోబెట్టి నలుగురు మోసుకుంట జెట్టీ నుంచి మెయిన్ గేటు దాకా తెచ్చినం. జనం వీడియోలు తీసిన్రు. బోటు దిగినంక అంబులెన్స్ ఎక్కే సరికి 24 నిమిషాలు. నీళ్ళ మీద 11, నేల మీద 24. అందుకే నీళ్ళ మీద ఏమన్నా అయితే ఎట్ల అని భయపడి బోటు బుకింగ్ క్యాన్సిల్ చేసుకునేటోళ్ళకి నేను చెప్పేది వేరే ఉంది. నీళ్ళు మమ్మల్ని ఏం చెయ్యలే. ఒడ్డే చేసింది.

గేటు దగ్గరికి వచ్చే సరికే నాన్న కండ్లు తెరిచి "నన్నెందుకు మోస్తున్నరు, పరువు తీస్తున్నరు" అన్నడు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. గ్లూకోజ్ పనిచేసింది. అంబులెన్సుల వేలు గుచ్చి చూస్తే 58 ఉంది. 70 కంటే తక్కువుంటేనే లో అంటరు, మరి అంత తాగినంక 58 అంటే ముందు ఎంత ఉండెనో.

ఆసుపత్రిల ఒక విషయం నేర్చుకున్న, రివ్యూకి సంబంధం లేకున్నా రాస్త. ఎమర్జెన్సీల చూసేసరికి 112 అయింది, నాన్న లేచి కూర్చుని బిర్యానీ ఏమైంది అని అడుగుతుండు, మేం ఇంటికి పోదామన్నం. డ్యూటీ డాక్టర్ పంపియ్యలే. గ్లిమిపిరైడ్ లాంటి మందు ఒంట్ల చాలాసేపు పనిచేస్తనే ఉంటదంట, పెద్దోళ్ళల్ల ఇంకా ఎక్కువ, ఒకసారి పైకొచ్చిన షుగర్ మళ్ళ పడిపోతదంట, అందుకే 24 గంటలు ఉంచాలన్నడు. బిల్లు కోసం చెప్తుండేమో అనుకున్న, అబద్ధం ఎందుకు. రాత్రి ఒంటిగంటకి చూస్తే మళ్ళ 61. డెక్స్‌ట్రోజ్ సెలైన్ పెట్టిన్రు. ఇంటికి తీసుకపోయి ఉంటే ఆయన నిద్రల ఉండెటోడు, మేమూ నిద్రల ఉండెటోళ్ళం.

ఇప్పుడు డాక్టర్ గోలీ మార్చిండు, అన్నం ప్లేటు ముందటికి వచ్చినంకనే వేసుకోమన్నడు, "టైమ్ అయింది" అని కాదు. మా తప్పు ఇందుల చాలా ఉంది, నేను ఒప్పుకుంట. మధ్యాహ్నం తినలేదని తెలుసు, గోలీ వేసుకునేది చూసిన, జేబుల ఒక బిస్కెట్ పుడ కూడా పెట్టలే. కానీ గంటకు పైన లేటైతదని తెలిసి కూడా పెద్దోళ్ళకి ముందు రెండు ఇడ్లీలు పెట్టకుండ డ్రోన్ ఎగరేసినోళ్ళకి నేనెందుకు స్టార్లు ఇయ్యాలె చెప్పండి.

బఫే గురించి కూడా రాయాలె కద. మేం తినలే. చుట్టాలు తిన్నరంట, బిర్యానీ బాగుందంట, డబుల్ కా మీఠా మరీ తీపి ఉందంట.

బుక్ చేసుకునేటోళ్ళు మధ్యోని మాట వినకుండ బోటు నడిపేటోళ్ళతోటి ఒకసారి నేరుగ మాట్లాడండి. అంబులెన్స్ ఏ గేటు దాకా వస్తది, రాత్రి ఆ గేటుకి తాళం ఉంటదా, ఉంటే ఎవరి దగ్గర, ఇది అడగండి. నేను ఆ తర్వాతి వారం పోయి అడిగిన, సరంగు నన్ను తీసుకపోయి చూపించిండు, మెయిన్ గేటు నుంచి జెట్టీకి వీల్‌చెయిర్ పోయే ర్యాంపు కూడా ఉంది, మేం దాని పక్కనుంచే మెట్ల మీద కుర్చీ మోసుకుంట వచ్చినం. పార్టీ రోజు కో-ఆర్డినేటర్‌కి ఆ ర్యాంపు సంగతి తెల్వదు. అన్నం బోటు ఎక్కకముందే వచ్చిందా చూసుకోండి, రాకుంటే బోటు కదలనియ్యొద్దు. డీజే సౌండు తగ్గించమనండి, పక్కన మనిషి పడిపోతే వినబడాలె.

ఆ హెల్పర్ పిల్లగానికి నేను కొత్త గ్లూకోజ్ ప్యాకెట్లు ఒక డజన్, నాన్న తరఫున ఒక స్వెటర్ తీసుకపోయిన. పైసలు ఇస్తే తీసుకోలే, స్వెటర్ తీసుకున్నడు. ప్యాకెట్లు అప్పుడే అదే పనిముట్ల డబ్బాల పెట్టుకున్నడు. ఫస్ట్ ఎయిడ్ బాక్సుల ఎందుకు పెట్టవు తమ్మీ అంటే "దానికి తాళం ఉంది కద అక్కా" అన్నడు.

నాన్న ఇప్పుడు బాగున్నడు. బుద్ధుడి కథ మళ్ళ తారీఖులతో సహా కరెక్టుగ చెప్తుండు, కాకపోతే చివర్ల తన ముచ్చట కలిపిండు, "ఆయన బయటికి రానీకి రెండేండ్ల తొమ్మిది నెలలు పట్టింది, నన్ను 11 నిమిషాలల్ల తెచ్చిన్రు" అని.

ఈవెంట్ వాళ్ళ సంగతి అడుగుతున్నరా. గంట పదిహేను నిమిషాలు బోటు వాడలేదు, కేక్ కట్ చెయ్యలేదు, సగం పైసలన్నా తిరిగియ్యండి అంటే మూడు రోజులు ఫోన్ ఎత్తలే. నాలుగో రోజు మెసేజ్ పెట్టిన్రు, నెక్స్ట్ బుకింగ్ మీద 10 శాతం డిస్కౌంట్ ఇస్తరంట, ఫస్ట్ ఎయిడ్ బాక్సు తాళం పగలగొట్టినందుకు 350 రూపాయలు పట్టుకుంటరంట. నేను ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్న. పైసలొస్తే ఇక్కడనే రాస్త, అప్పటిదాకా ఒక్క స్టారే.